మేకనెక్కిన దొంగలు

“డెబ్బై నాలుగేళ్ళొచ్చాయి. నా నోట ఒక్క అబద్దం రాలేదు బాబూ,” అన్నాడు దండాసి తాత.

మోహనకృష్ణ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ముసలాడి చేతుల్లోంచి చింతపండు పులుపు వాసన. గుడి వాకిట్లో కట్టేసిన మేకపోతు వాసన. దాన్ని పక్క పేట తాకేటా నుంచి తోలుకొచ్చిన ఢిల్లేశ్వరరావు వాసన.

తామ్వే పేటలో, సముద్రం దాటొచ్చిన తెలుగువాళ్ళు కట్టుకున్న ఆ చిన్న గుడికి మోహనకృష్ణ సెక్రటరీ. ఏటా జాతరకి అమ్మవారికి మేకపోతుని ఇచ్చేది ఢిల్లేశ్వరరావు. ఆ కూర మోహనకృష్ణ రెండుసార్లు వడ్డించుకుంటాడు. మేకలు పెంచేవాడి కంపు మాత్రం ఆయనకి పడదు. అందుకే పోయినేడాది ఢిల్లేశ్వరరావుకి పంక్తిలో చోటివ్వలేదు. గేటు పక్కన, చెప్పుల దగ్గర ఆకు వేయించాడు. అతను తలొంచుకుని తిని వెళ్ళిపోయాడు.

ఈ ఏడు ఆ ఆకు కూడా దక్కేలా లేదు. రేపు జాతర. అమ్మవారి వెండి కళ్ళు కనిపించడం లేదు. పొద్దున్నే గుడి తుడవడానికొచ్చిన దండాసి తాతే ఆ మాట మోసుకొచ్చాడు.

“ఇందులో అడగడానికేముంది? నిన్నంతా ఇక్కడ తిరిగింది ఈ మేకలోడే. ఇకమీదట వీణ్ణి గుడి గడప తొక్కనివ్వద్దు,” అన్నాడు మోహనకృష్ణ.

కమిటీవాళ్ళు పదకొండుమందీ తలలూపారు.

ఢిల్లేశ్వరరావు గడప వైపు చూశాడు. తన తాత రేవులో బస్తాలు మోసి, ఆ కూలిడబ్బుల్లోంచి ఇచ్చిన చందాతో పెట్టిన గడప అది.

“ఆగండి బాబూ.” దండాసి తాత అరుగు మీద చతికిలబడ్డాడు. “నాను ఓడలో వంటోడిగా ఉన్నప్పుడు, బెల్జియం రేవులో ముసిలి కళాసి ఒకడు సెప్పినాడు. ఆ బెల్జియానికీ హాలెండుకీ నడిమి పల్లెల్లో ఎనకటికో దొంగల ముఠా ఉండీదట. పగలు సూస్తే సెప్పులు కుట్టీవోడు, గెడ్డాలు గీసీవోడు. సీకటడితే మేకపోతునెక్కి గాల్లో ఎగిరీవోరు. గుళ్ళో ఎండి, షావుకారింట్లో బంగారం, ఏదీ ఒగ్గీవోరు కాదు.”

“మేకలెగురుతాయేటి తాతా?” అంది సింహాచలమ్మ. గుడిలో వంటంతా ఆవిడ చేతిమీదే.

“ఊరికే ఎగురుతాయేటి? సైతానుకి ఒట్టెయ్యాల. ఒట్టంటే మేక తోకెత్తి, దాని కింద ముద్దెట్టుకోడం. అప్పుట్నుంచి మేకకి తన దొంగెవడో తెలిసిపోతాది. మళ్ళీ ఆడు ముద్దెడితే ‘మే’ అని కేకేస్తాది. మంచోడు ముద్దెడితే కిక్కురుమనదు. అక్కడి జడ్జీలు అలాగే పట్టీవోరట.”

మోహనకృష్ణ రుమాలు ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. “ఛీ. ఈ రోజుల్లో ఏం మాటలివి?”

సింహాచలమ్మ గరిటె పట్టుకుని లేచింది. “రుజువు లేకుండా మనిషిమీద నిందేసీడానికి ఈ రోజులు అడ్డం రాలేదేటి బాబూ? ముద్దెట్టనన్నోడే దొంగ. నిందేసినోలూ, పడ్డోడూ అందరూ ఎట్టాల.”

ముందు ఢిల్లేశ్వరరావు వెళ్ళాడు. మేక వెన్ను నిమిరాడు. తోకెత్తాడు. చంటిపిల్ల నుదురు ముద్దాడినట్టు ముద్దాడాడు. మేక నెమరు వేస్తూనే ఉంది.

తరవాత కమిటీ. ఒకడు కళ్ళు మూసుకున్నాడు. ఒకడు అమ్మవారిని తలుచుకున్నాడు. ఒకడు ముద్దు పెట్టి, మూడడుగులు నడిచి, గోడవారన వాంతి చేసుకున్నాడు. వంటకొచ్చిన ఆడవాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మేక ఎవరికీ అరవలేదు.

ఇక మిగిలింది మోహనకృష్ణ. ఆ కథలో ఒక్క ముక్క కూడా ఆయన నమ్మలేదు. కానీ వద్దంటే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

వంగాడు. తోక కింద ఎండిన పేడ అంటుకున్న వెంట్రుకలు. ఈగలు. మొహాన్ని తాకే వెచ్చటి ఆవిరి. ఊపిరి బిగబట్టి పెదవులు ఆనించాడు. సరిగ్గా అప్పుడే మేక నాలుగు పెంటికలు రాల్చింది. ఒకటి ఆయన తెల్లచొక్కా జేబులో పడింది.

మేక మాత్రం అరవలేదు.

కుళాయి దగ్గర మూడుసార్లు సబ్బుతో మూతి రుద్దుకున్నాడు. వాసన వదల్లేదు. తిరిగొచ్చేసరికి సింహాచలమ్మ భోజనాలకి ఆకులు పరిచేసింది. ఒకటే వరస. ఢిల్లేశ్వరరావు ఆకు సరిగ్గా ఆయన ఆకు పక్కనే.

“ఇప్పుడు అందరిదీ ఒకటే వాసన కాదేటి? కూకోండి,” అంది.

గేటు వైపు చూపించడానికి ఎవరికీ చెయ్యి లేవలేదు. ఢిల్లేశ్వరరావు మఠం వేసుకుని కూర్చున్నాడు, బెరుగ్గా. మోహనకృష్ణ అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి, మళ్ళీ ఆకులో పెట్టేశాడు.

“దొంగ మనలో లేడు, సరే. మరి కళ్ళేవి తాతా? ఇంతకీ నీ కథలో నిజమెంత?” అన్నాడు.

దండాసి తాత బోసినోటితో నవ్వుతూ, మొలలో దోపుకున్న పసుపుగుడ్డ తీసి ముడి విప్పాడు.

“ఎగరడం, ఒట్టు, ముద్దు అన్నీ ఆ కళాసి సెప్పినవే బాబూ, ఇదిగో, సింతపండెట్టి తోమిన ఈ కళ్ళు పోనాయన్నదొక్కటే నాను కల్పించింది.”