బొమ్మకు బదులు

మంచాన పడ్డవాళ్లను చూసుకునే ఆయాలకు శిక్షణ ఇస్తానని మా చెల్లి సెంటరు పెట్టింది. లైసెన్సు కోసం తనిఖీకి అధికారి వచ్చే రోజు దగ్గరపడినా, పాఠం చేసి చూపించడానికి కావలసిన రబ్బరు బొమ్మ మాత్రం రాలేదు.

"అక్కా, ఆ రోజు కాసేపు అమ్మను సెంటర్లో మంచం మీద పడుకోబెడదామే. బొమ్మకన్నా మనిషి నయం కదా!" అంది.

అమ్మకు నడుము పడిపోయిన దగ్గర్నుంచి చెల్లి గుమ్మంలోనే నిలబడి పలకరించి వెళ్లిపోతుంది. వాసన పడదట. అది ఒక్కసారైనా అమ్మను ముట్టుకోవాలని నేను రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. అందుకే సరేనన్నాను.

అధికారి ముందు చెల్లి అమ్మ భుజం కింద చెయ్యి వేసింది. "అమ్మా, మెల్లగా పక్కకు తిప్పుతున్నాను. నొప్పిగా ఉంటే చెప్పు" అంటూ ఒత్తిగిలించి, గోరువెచ్చని నీళ్లతో వీపు తుడిచి, పౌడరు అద్ది, నుదుటి మీది జుట్టు సవరించింది.

"ఏం పెద్దమ్మా, బాగా చేస్తోందా?" అని అడిగాడాయన.

"ఇంత బాగా నాకెవరూ చెయ్యలేదు బాబూ" అంది అమ్మ. రోజూ ఆ పని చేసే నేను తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను.

ఆయన తృప్తిగా సంతకం పెట్టి లేచాడు. చెల్లి ఆయన్ని సాగనంపి, చేతులు కడుక్కోవడానికి అటే వెళ్లిపోయింది. పక్కకు తిరిగే ఉన్న అమ్మను నేనే వెల్లకిలా పడుకోబెట్టాను.

"ఆయన మళ్లీ ఎప్పుడొస్తాడే?" అని అడిగింది అమ్మ.

"ఇక రాడమ్మా. లైసెన్సు వచ్చేసినట్టే."

"అయ్యో! దానికింకా పని సరిగ్గా రాలేదని చెప్పాల్సింది నేను. మళ్లీ చేసి చూపించమనేవాడు."