డొల్ల చప్పుడు

కొత్తపట్నం ఒడ్డున దుంగల మీద బోర్లించిన ఫైబర్ పడవను మెకానిక్ సుభానీ బయటనుంచి సుత్తితో మెల్లగా కొడుతున్నాడు. పడవ యజమాని పోలయ్య ఆ పడవ కింద, లోపలివైపు కూర్చుని, చెవి ఆనించి వింటున్నాడు. ఫైబర్ సరిగా అతుక్కోని చోటు డొల్లగా మోగుతుంది.

"ఇక్కడ డొల్ల, అబ్బాయ్!"

"మళ్లీనా బాబాయ్! అడుక్కి మూడు పొరలు వేశా. పక్కలకి కొత్త చెక్కలు బిగించా. నాలుగు రోజుల్నించీ అక్కడే డొల్లంటావు!"

సుభానీ విసురుగా పడవ కిందికి దూరి, తనే కొట్టి చూశాడు. రాయిలా గట్టిగా పలికింది.

"ఏ చెవితో విన్నావు నువ్వు? ఎక్కడుంది డొల్ల?"

పోలయ్య తల దించుకున్నాడు.

"లేదులే."

"మరి?"

"సునామీలో మీ పిన్ని పోయి ఏడాదైంది. అప్పట్నించీ మా తలుపు కొట్టినోళ్లు లేరబ్బాయ్. నువ్వు కొడతంటే అవతల మనిషున్నట్టుంటది."

సుభానీ బయటికొచ్చాడు. సుత్తి సంచిలో పెట్టేశాడు. వేళ్ల కణుపులతో పడవను మూడుసార్లు తట్టాడు.

"బాబాయ్, ఉన్నావా?"

పోలయ్య లోపలినుంచి పలికాడు.

"ఉన్నానబ్బాయ్. రా, లోపలికి రా."