ఒక్క పూత బాకీ

బొమ్మ వేసేవాడికి ఇష్టం ఎదురుగా కూర్చున్న మనిషి మీదా, చేతిలో ఉన్న రంగు మీదా? ఏళ్ళ తరబడి నన్ను వదలని అనుమానం ఇది. దేవుణ్ణి కూడా అడిగి చూశాను. ఆయనా పనిలో ఉన్నట్టున్నాడు, తలెత్తలేదు.

నాకు తెలిసిన ఒక చిత్రకారుడికి మైనం పిచ్చి. తేనెమైనంలో కాస్త గుగ్గిలం వేసి కరిగించి, రంగుపొడి కలిపి, వేడివేడిగా చెక్కపలక మీద పూసేవాడు. కుంచె ముంచి ఎత్తేలోపే గడ్డకట్టేస్తుంది.

“నీళ్ళరంగులు చెప్పినట్టు వింటాయి. ఇది వినదు. అందుకే నాకిష్టం,” అనేవాడు.

“నేను వింటాను కదా, అందుకే కాబోలు,” అనేది భార్య.

పూసిన ప్రతి పూతకూ పైనుంచి వేడి తగిలించాలి. లేకపోతే కింది పూతను పట్టుకోదు, పెచ్చులూడిపోతుంది. అందుకో పాత ఇస్త్రీపెట్టె ఉండేది. అది పట్టే పని ఆమెది. ఎంత ఎత్తున ఎంతసేపు ఉంచితే ఏ రంగు మెత్తబడుతుందో ఆయనకన్నా ఆమెకే బాగా తెలుసు.

పెళ్ళయిన ఏడాదికి ఆమె బొమ్మ మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. పదహారు రోజులు ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆఖరి రోజున, “కదలకు. కుడి చెంపకు ఒక్క పూత, అంతే,” అన్నాడు.

ఆమె కదలలేదు.

కుంచె ముంచబోతుంటే ఆయన మోచెయ్యి తగిలి స్టవ్వు మీది గిన్నె ఒరిగింది. ఆయన గభాలున రెండు చేతులా బొమ్మను ఎత్తి పట్టుకున్నాడు. గిన్నెడు మైనం పోయింది. బొమ్మకు చుక్క కూడా అంటలేదు.

ఆ ఒక్క పూతా అలాగే ఉండిపోయింది. బొమ్మను గోడవైపు తిప్పి పెట్టేశాడు.

“నా చెంపకు ఒక పూత బాకీ ఉన్నారండీ,” అని ఆమె ఏడాదికోసారైనా గుర్తుచేసేది.

“చూద్దాంలే,” అనేవాడు.

మొన్న బొమ్మల ప్రదర్శనశాల యజమాని వచ్చాడు. గదంతా కలియదిరిగి, గోడవైపున్న పలకను తిప్పి చూసి నోరు తెరిచాడు.

“గురువుగారూ! ఇంత అందాన్ని దాచేశారేమండీ? ఎవరీవిడ?”

టీ తెస్తున్న ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళకు ఒక్కరు అడిగారు. ఆయన నోటివెంట ఆ ఒక్క మాట వస్తే చాలనుకుంది.

“ఎవరూ కాదు. ఊహ,” అన్నాడు చిత్రకారుడు.

యజమాని ఆమె చేతిలోంచి కప్పు అందుకుంటూ నవ్వాడు. “ఏమ్మా, నువ్వెప్పుడైనా చూశావా ఈవిణ్ణి?”

“ఎప్పుడో చూశాను బాబూ. పాపం, చెప్పిన మాట వినేది,” అందామె, కుడివైపు జారవిడిచిన జుట్టు సర్దుకుంటూ.

“ఈ చెంప ఒక్కటీ వెలవెలబోతోంది గురువుగారూ. పూర్తి చేసి పెట్టండి. సాయంత్రం బండి పంపుతాను.”

యజమాని మెట్లు దిగేదాకా ఆగి ఆమె భర్తను అడిగింది. “నేనేనని చెప్పొచ్చుగా?”

“చెప్తే నమ్ముతాడా?” గిన్నెలోంచి తలెత్తకుండానే అన్నాడు.

“నమ్మకపోతే మానె. మీ నోటితో నేను వినేదాన్ని.”

“సరే సరే, ఇస్త్రీపెట్టె వేడెక్కిందేమో చూడు.”

గదంతా తేనె వాసన నిండింది. ఆయన కూనిరాగం తీస్తూ కుడి చెంపకు పూత పూశాడు. లేత గులాబీ రంగు. నున్నగా అమరింది. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

“హమ్మయ్య! నీ బాకీ తీరిపోయింది. ఇక వేడి తగిలించు. మెల్లిగా, అంగుళం ఎత్తున.”

“ఇంకా తీరలేదండీ,” అంటూ ఆమె ఇస్త్రీపెట్టెను బొమ్మ చెంపకు ఆనించి గట్టిగా నొక్కిపట్టింది.

“ఏయ్! ఏమిటా పని? పిచ్చి పట్టిందా?”

రంగు కరిగింది. కంటికొస నుంచి దవడ దాకా ముడతలు ముడతలుగా జారి గడ్డకట్టింది.

ఆమె జుట్టు వెనక్కి తోసుకుని బొమ్మ పక్కన నిలబడింది: ఆనాడు గిన్నెలోంచి ఒలికిన మైనం తనకు మిగిల్చిన కుడి చెంప, ఇరవై రెండేళ్ళకు బొమ్మకూ వచ్చింది.