మరక లేని కార్డు

1958 జూలై పన్నెండు, శనివారం. ఆ మధ్యాహ్నం ఇర్మా తిన్నది వేయించిన పెర్చ్ చేప, రెండు బ్రెడ్డు ముక్కలు. ఆ బ్రెడ్డు పొట్లంలోనే ఆమెకు వెండెల్ దొరికాడు.

అరచేతిలో ఇమిడే అట్టముక్క. ముందు టోపీ పెట్టుకుని నవ్వుతున్న కుర్రాడి బొమ్మ. వెనక అతని పేరు, ఎత్తు, బరువు. ఆ వేసవిలో, అమెరికాలో సరస్సు ఒడ్డునున్న ఏరీ ఊరి బేకరీవాళ్ళు, ఊరి జట్టు ఆటగాళ్ళ బొమ్మలతో పొట్లానికొక బేస్‌బాల్ కార్డు చొప్పున వేసేవారు. వాళ్ళు బ్రెడ్డుకి రాసిన వెన్న అట్టకి అంటుకుని ఒక మూల పసుపుపచ్చ మరక పడేది. ఇర్మా బ్రెడ్డు తిని కార్డు దాచుకుంది. మరుసటేడు ఆ కార్డులో ఉన్నవాణ్ణే పెళ్ళి చేసుకుంది.

వెండెల్ ఊరి జట్టుకి ఆడినవి పదకొండు ఆటలు. పన్నెండో ఆటలో మోకాలు విరిగింది. ఆటగాడికొక పెట్టె చొప్పున బేకరీవాళ్ళు ఇచ్చిన తన కార్డుల్ని కోపంకొద్దీ సరస్సులో పారేశానని చెప్పాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళు రైలు పెట్టెల కార్ఖానాలో పని.

డెబ్భై దాటాక మంచం దిగడం మానేశాడు. "లేచి ఎవర్ని ఉద్ధరించాలే?" అనేవాడు గోడవైపు తిరిగి.

అప్పుడొచ్చింది మొదటి ఉత్తరం, టొలీడో నుంచి. లోపల అతని కార్డు, తిరుగు కవరు. 'దయచేసి సంతకం పెట్టి పంపండి' అని ఎవరో అభిమాని.

వెండెల్ లేచాడు. గడ్డం గీసుకున్నాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని సంతకం పెట్టాడు. తర్వాత వారం బఫెలో నుంచి ఇంకొకటి. నెల తిరిగేసరికి చేతికర్ర పట్టుకుని బార్బరు షాపుకి వెళ్ళి కబుర్లాడి రావడం కూడా మొదలెట్టాడు.

"వారం వారం బార్బరేంటయ్యా? ఉన్నవి పదకొండు వెంట్రుకలు!"

"ఆడినవీ పదకొండు ఆటలేగా. రెండింటినీ జాగ్రత్తగా చూసుకోవాలి."

ఆ ఉత్తరాలన్నీ ఇర్మా రాసినవే. ఎడమ చేత్తో. టొలీడోలో చెల్లెలు ఒకటి, బఫెలోలో మేనకోడలు ఒకటి పోస్టు చేసేవారు.

కార్డులు మాత్రం ఊళ్ళో పాత కార్డులమ్మే గస్ దుకాణంలో కొనేది. పోయిన చలికాలంలో గస్ చేతులెత్తేశాడు.

"అయిపోయాయమ్మా. సగం కార్డులు కుర్రాళ్ళు సైకిలు చక్రాలకి తగిలించి టపటపలాడించారు. మిగతా సగం వాళ్ళమ్మలు చెత్తలో పోశారు. ఇక నేనెక్కణ్ణుంచి తేను?"

ఆ వారం ఉత్తరం రాలేదు. వెండెల్ రెండుసార్లు తపాలా పెట్టె తెరిచి చూసి, చొక్కా మార్చుకోకుండానే పడుకున్నాడు.

మరో వారం గడిచాక, శుక్రవారం పొద్దున, గస్ బల్లమీద పది కార్డులు. అన్నీ వెండెల్‌వే. ఒక్కదానికీ మరక లేదు.

ఇర్మా ఒక కార్డుని వెలుతురుకి పట్టి తిప్పి చూసింది. 'మరక లేని బేకరీ కార్డు కనిపిస్తే అది దొంగ అచ్చని అర్థం' అని ఆమెకి చెప్పింది గస్సే.

అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం కార్డులే. ఆమె కొంటూనే ఉంది, అనుమానపడుతూనే ఉంది. చివరికి అడిగేసింది.

"ఎవరిస్తున్నారు నాయనా ఇవి?"

"ఉన్నార్లెండి, ఒకాయన."

"పేరు లేదా ఆయనకి?"

"చెప్పొద్దన్నాడమ్మా."

"మరి మరకేదీ?"

గస్ కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలెట్టాడు. "జాగ్రత్తగా దాచుకునుంటాడు."

"పదకొండు ఆటలాడినవాడి కార్డులు ఇన్నేసి ఎవరు దాచుకుంటారయ్యా?"

"మీరు కొనట్లేదూ?"

ఆమె కార్డులు సంచిలో వేసుకుని వచ్చేసింది. గస్ వెనకగదిలో అచ్చు యంత్రం పెట్టాడా? వెండెల్‌కి కనిపెట్టడం ఎంతసేపు? కార్డు దొంగదని తెలిస్తే ఉత్తరం సంగతీ బయటపడుతుంది. మళ్ళీ గోడవైపు తిరుగుతాడు. ఈసారి ఇక లేవడు.

ఆ బుధవారం టొలీడో ఉత్తరం వచ్చింది. వెండెల్ కార్డుని దీపం కింద పెట్టి చూశాడు. మూలలు వేలితో తడిమాడు. వాసన చూశాడు. ఇర్మా కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడిగింది.

"ఏంటంతలా చూస్తున్నావ్?"

"అప్పటి జుట్టు చూసుకుంటున్నా." కార్డు పక్కన పెట్టి ఉత్తరం అందుకున్నాడు. "వీడు బాగా రాస్తాడే. 'వానలో మీరు బురదలో పడి బంతి పట్టిన రోజు నేను కంచె పక్కనే ఉన్నాను. ఆ తర్వాత నా కళ్ళకింకెవరూ ఆనలేదు' అట."

ఇర్మా పళ్ళేల వైపు తిరిగింది. యాభై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఆమె నోటితో ఎప్పుడూ అనలేదు.

"వీడు రాయడం మానకుంటే చాలు నాకు" అన్నాడు వెండెల్, ఉత్తరాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ.

దొంగ అచ్చే అయితే ఇవాళో రేపో అన్నీ ఆపేయాలి. ముందు ఆ మనిషెవరో చూడాలి. కార్డులు శుక్రవారం పొద్దునకల్లా ఉంటున్నాయంటే, వచ్చేది గురువారం సాయంత్రమే.

మర్నాడు సాయంత్రం ఆమె కారుని గస్ దుకాణం వెనక సందులో, పాత మంచు కుప్ప పక్కన ఆపింది. అద్దం మీద ఆవిరి పడుతుంటే చేతిగుడ్డతో తుడుస్తూ కూర్చుంది. ఆరైంది. దుకాణంలో దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. వెనక తలుపు తెరుచుకుంది. లోపలినుంచి గస్ గొంతు వినిపించింది, "జాగ్రత్త, మెట్లు జారతాయి."

ఖాళీ బ్రెడ్డు సంచిని మడిచి కోటు జేబులో పెట్టుకుని, చేతికర్ర చంకకింద ఇరికించుకుని, రెండు చేతులతో ఆ తలుపుని చప్పుడు కాకుండా మూసినవాడు వెండెల్.