ఇంటి కింద సముద్రం

పడవలు నడిపేవాళ్లు ఇప్పుడు లేరు. జాబితాలో పేరున్న చోటికి అవే వెళ్తాయి, పేరు లేని చోటికి కదలవు. ఆ పేర్లు ఎక్కించే ఉద్యోగం నాది.

నిన్న పోలమ్మ వచ్చింది. మొగుడు దానయ్య తెచ్చిన చేపలు నలభై ఏళ్లు అమ్మింది. అవి పడే చోటు మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆడవాళ్లని పడవ ఎక్కనిచ్చేవారు కాదు. దానయ్య పోయి మూడేళ్లయింది.

“లైట్‌హౌసు కొండ సాటుకెళ్లి, సర్చి సిలువ అవుపడే కాడ వల ఏసీవోడు మా ఆయన. ఒక్కసారి సూడాలనుంది తల్లీ.”

మ్యాపులో ఆ చోటు దొరికింది. “జాబితాలో ‘సముద్రం’ అన్న పేరు కింద ఎక్కిస్తాను. అందరి పడవలకీ కనిపిస్తుంది మరి” అన్నాను.

పోలమ్మ నా చెయ్యి పట్టేసుకుంది. “వద్దమ్మా! సొంత తమ్ముడిక్కూడా సెప్పనేదు ఆయన.”

ప్రతి పేరూ ఏదో ఒక పెద్ద పేరు కింద ఉండి తీరాలి. ఊళ్లో ఇళ్లూ అదే జాబితాలో ఉంటాయి; ఇంటి కింద రాసిన గదులైతే ఆ ఇంటివాళ్లకే కనిపిస్తాయి. ఆ మాటే చెప్పాను.

“అయితే మా ఇంటి కిందే రాసీ.”

వసారా, వంటగది, పెరడు. వాటి పక్కన ‘దానయ్య చోటు’ చేర్చాను.

ఈ ఉదయం రేవులో పోలమ్మ కొంగు బిగించి పడవెక్కింది. ఎక్కడికని అడిగింది పడవ.

“మా ఇంట్లోకే. దానయ్య సోటుకి.”

పడవ సముద్రం వైపు తిరిగింది.