ఏడో సీసాకు సంతాపం

ఏడో సీసాలోని ఈస్టు కూడా పరమపదించిందని పొద్దున్నే మావయ్యకు ఫోనులో సంతాపం తెలిపాను. మధ్యాహ్నం పరామర్శకు స్వయంగా ఆయన బెల్లం వండే పాకకు వెళ్లాను.

చిక్కగా కాచిన చెరకు రసాన్ని పులియబెట్టి చూపిస్తే, నూకరాజు మావయ్య చెరకంతా కొంటామని ఇథనాల్ ఫ్యాక్టరీవాళ్లు అన్నారు. లేకపోతే ఆయన ఆఖరి ఎకరం కూడా రొయ్యల చెరువే. రసం కాచేది ఆయన, పులియబెట్టేది ఎమ్మెస్సీ చదివిన నేను.

“తీపి ఎక్కువై చచ్చిపోతున్నాయి మావయ్యా,” అని శాస్త్రోక్తంగా తేల్చాను.

“తీపికి ఎవడన్నా చస్తాడేంట్రా అల్లుడూ? బెల్లానికి వేసినట్టే సున్నం వేసి, మడ్డి తీసి మరీ ఇస్తున్నాను కదా!”

“సున్నమా?”

“మరి! పాపం చచ్చిపోతున్నాయన్నావని, ప్రతిసారీ ఇంకో చెంచా ఎక్కువే వేసేను.”

అంత సున్నం పడితే ఈస్టు బతకదు. ఆ ముక్క ఆయనకు ముందే చెప్పవలసిన మేధావిని నేనే.

“సున్నం లేకుండా ఇంకొక్కసారి కాయండి మావయ్యా. ఈసారి తప్పకుండా పొంగుతుంది.”

“చెరకేదిరా? పొద్దున నువ్వు ఫోన్ చేసేవు కదా. అప్పుడే చేలోకి పొక్లెయిన్‌ని దింపించేసేను.”

మావయ్య మిగిలిన సున్నం బస్తాను భుజానికెత్తుకున్నారు.

“చెరువు తవ్వగానే ముందు ఇదే చల్లాలంట్రా.”