యశోదమ్మ ఎడమ చెయ్యి

టాటూ మెషిన్ పట్టుకున్న లిఖిత చెయ్యి వణికింది.

కుర్చీలో కూర్చున్న కాలేజీ కుర్రాడు అది చూశాడు. తనకు జయప్రకాశ్ అన్నే వెయ్యాలని చెప్పి, లేచి పక్క కుర్చీలోకి మారాడు.

ఇలా లేచిపోయినవాళ్లలో అతను మొదటివాడేం కాదు.

ఖమ్మంలో జయప్రకాశ్ టాటూ షాపులో చేరినప్పటి నుంచి లిఖిత గుమ్మడికాయల మీద, రబ్బరు షీట్ల మీద సూది తిప్పుతూనే ఉంది. మనిషి చెయ్యి మాత్రం ఇంతవరకు దొరకలేదు.

ఖానాపురం హవేలిలో లిఖిత వాళ్లింటి మేడ మీది గది నిండా ఆమె పెయింటింగులే. మోదుగు పూలు, ఇప్పపూలు, కిన్నెరసాని ఒడ్డు. ఆ గదిలో ఉన్నంతసేపు బొమ్మలు వేసుకుంటూ బతికెయ్యాలనిపిస్తుంది. షాపుకొస్తే ఇదే బతుకుదెరువు అనిపిస్తుంది. నాన్న మురళీకృష్ణ మాట వింటే బీఎడ్ చెయ్యడమే మంచిదేమో అనిపిస్తుంది. తాను దేనికి పనికొస్తుందో ఆమెకే తెలియడం లేదు.

త్వరలో ఒక్క మనిషి మీదైనా బొమ్మ వెయ్యకపోతే ఆమె కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తానని జయప్రకాశ్ చెప్పేశాడు.

ఆ మధ్యాహ్నమే ఏన్కూరు బస్సు దిగి యశోదమ్మ వచ్చింది.

యాభై దాటిన మనిషి. మిరపకాయలు ఏరి ఏరి మొరటుబారిన వేళ్లు. గుమ్మం బయట చెప్పులు విడిచి, ఇక్కడ కొత్తగా నేర్చుకునే పిల్ల ఎవరని అడిగింది. జయప్రకాశ్ తాను వేస్తానన్నా వినలేదు. నేరుగా లిఖిత ముందు కూర్చుని ఎడమ చెయ్యి చాపింది.

"నా మీద వెయ్యి బిడ్డా."

ఏం వెయ్యాలంటే తనకు తెలియదంది. లిఖిత ఫోన్లో నెమలీకలు, సీతాకోకచిలుకలు చూపించింది. దేనికీ తలూపలేదు. ఈలోపు వేలు జారి ఇప్పపూల పెయింటింగు ఫోటో పైకొచ్చింది.

"గిది ఎవలేసిన్రు?"

"నేనే పెద్దమ్మా. ఊరికే, ఇంట్ల వేసుకున్న."

"గట్లయితే గిదే వెయ్యి."

లిఖిత బిత్తరపోయింది. తన బొమ్మను ఒకరు ఒంటి మీద మోస్తారని ఎన్నడూ అనుకోలేదు. మొదటి గీతే వంకర పోయింది. భయపడి సూది పక్కన పెట్టబోతే యశోదమ్మ ఆపింది.

"నొప్పి నాకు గదా. నువ్వెందుకు భయపడుడు?"

పుండు మానగానే మళ్లీ వచ్చింది. ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది. మణికట్టు దగ్గర మొదలైన పూలు మోచేతి దాకా పాకాయి. లిఖిత గీత సాఫయింది. ఇంట్లో కాన్వాసు మీద వేసింది ఆ చేతి మీదికి వచ్చేది, ఆ చేతి మీద నేర్చుకున్నది మళ్లీ కాన్వాసు మీదికి పోయేది. ఆ పూలే మాకూ కావాలని అడిగేవాళ్లు మొదలయ్యారు.

కాని ఈమె ఎందుకొస్తుందో లిఖితకు అంతుపట్టలేదు. అడిగితే నవ్వి ఊరుకునేది. మతి సరిగా లేదేమోనన్నాడు జయప్రకాశ్. కావచ్చేమో అనిపించింది.

ఒకరోజు షాపు నిండా జనం. యశోదమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. లిఖిత తలెత్తకుండానే ఇవాళ వీలు కాదంది.

"చెయ్యి కుదిరిందా బిడ్డా?"

"అవ్ పెద్దమ్మా. ఇంక నీకు ఈ తిప్పలు అక్కర్లేదు."

ఈ ఊళ్లో ఇట్లా కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగిందామె. తెలియదంది లిఖిత. యశోదమ్మ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. లిఖిత మనసు చివుక్కుమంది గాని, ఎందుకో తెలియలేదు.

వానలు మొదలయ్యాక ఒక అమ్మాయి వచ్చింది. బట్టల షాపు యూనిఫాం చీరలో ఉంది. పేరు దుర్గ అని చెప్పి ఫోన్లో ఫోటో చూపించింది. చాప మీద వాలిన ఎడమ చెయ్యి, దాని నిండా ఇప్పపూలు. ఖమ్మంలో టాటూ షాపులన్నీ తిరుగుతున్నానని, ఇవి వేసిందెవరో కావాలని అడిగింది.

"నేనే. పెద్దమ్మ బాగుందా?"

"పోయిన నెల గుండె ఆగి పోయింది. మా అమ్మ."

లిఖిత ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది.

ఎవరికీ కనపడకుండా అమ్మ నిండు చేతుల రవిక వేసుకునేదట. ఆఖరి స్నానం చేయిస్తుంటే ఆ పూలు బయటపడ్డాయట. తన చేతికీ అవే పూలు కావాలంది దుర్గ.

పెద్దమ్మ తన దగ్గరికే ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదంది లిఖిత.

దుర్గ ఫోటోలోని చెయ్యి చూపించింది.

"నేను గూడ కొన్నాళ్లు ఈ పని నేర్చుకున్న అక్కా, నడుమల ఇడిచిపెట్టిన," అంది. "మొదటి బొమ్మకు ఎవలూ దొరకక ఇదే చెయ్యి అడిగితే, చస్తే ఇయ్యనన్నది మా అమ్మ."